పుర్రె కొలతలపై అంత ధీమా వద్దు

పుర్రెను కొలిచి కంప్యూటర్‌కు ఇస్తే ఆ మనిషి పూర్వీకులు ఎవరో తేలిపోతుందని మీరు ప్రచురించిన వ్యాసంలో రచయిత ధీమాగా రాశారు. ఆ ధీమాతోనే నాకు పేచీ.

అమెరికాలో 1993లో వచ్చిన ఫోర్‌డిస్క్ ప్రోగ్రాం, ఇచ్చిన కొలతలను తన దగ్గరున్న సమూహాలతో పోల్చి వాటిలో దగ్గరిదాన్ని చూపిస్తుంది. అసలు మనిషి సమూహం ఆ జాబితాలో లేకపోయినా ఏదో ఒక పేరు ముందుకొస్తుంది. ఆ పేరు నిజంగా ఎంతవరకు సరిపోతుందో తెలిపే అంకె పక్కనే ఉంటుంది, చూసే ఓపిక ఉంటే. ఇలాంటి పోలికలకు వాడే, అమెరికా మానవశాస్త్రవేత్త విలియం హోవెల్స్ కొలిచిన రెండున్నర వేల పైచిలుకు పుర్రెల్లో అండమాన్ వారివి ఉన్నాయి గాని, భారత ప్రధాన భూభాగం వారివి లేవు. రేపు మా శ్రీకాకుళంలో నాగావళి ఇసుకలో ఒక పుర్రె బయటపడితే ఆ జాబితాతో పోల్చి ఏం తేలుస్తారు?

కెన్నెవిక్ మనిషి ఊసే వ్యాసంలో లేదు. 1996లో అమెరికాలో దొరికిన ఆ వేల ఏళ్ల నాటి మనిషి పుర్రె కొలతలు జపాన్ ఆదివాసులైన ఐనులకు, పసిఫిక్ దీవుల పాలినీషియన్లకు దగ్గరగా ఉన్నాయన్నారు. 2015లో డీఎన్ఏ పరీక్షిస్తే అతడు నేటి అమెరికా ఆదివాసులకే దగ్గరివాడని తేలింది.

ఇక మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కులాలవారీగా తలలు, ముక్కులు కొలిచిన సంగతి ఉండనే ఉంది. (ముక్కు కొలిచి మనిషి అంతస్తు చెప్పే విద్య అది!)

గుర్తు తెలియని ఎముకలు దొరికినప్పుడు ఇక్కడి పోలీసులకు ముందు కావలసింది ఆడా మగా, వయసెంత, పళ్లకు ఏమైనా వైద్యం జరిగిందా అన్నవి. తర్వాత, తప్పిపోయినవారి ఇంటివాళ్ల డీఎన్ఏతో పోలిక. రెండో భాగం ఉంటే దయచేసి వీటి గురించి రాయండి.