క్రియాటినిన్ నార్మలే అన్నారు, అయితే?

కిడ్నీలు ఎలా ఉన్నాయండీ అని అడిగితే, రిపోర్టు వంక ఓ చూపు చూసి "క్రియాటినిన్ 1.2, నార్మలే" అని పంపించేస్తారు చూడండి, ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికండీ నార్మల్? క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే పదార్థం, దాన్ని రక్తంలోంచి వడగట్టి బయటికి పంపేది కిడ్నీలు. కండ అందరికీ ఒకేలా ఉండదు కదా, అందుకే అంకె ఒక్కటే చూస్తే చాలదు, వయసు, ఆడా మగా కూడా లెక్కేయాలి. పాతికేళ్ల కుర్రాడికి 1.2 ఉంటే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఏపాటి వేగంతో రక్తాన్ని వడగడుతున్నాయో చెప్పే అంచనా, 86 దాకా వస్తుంది, దిగులు లేదు. అదే 1.2 డెబ్బై ఏళ్ల ఆవిడకి వస్తే లెక్క 50 లోపే తేలుతుంది. 60 కంటే తక్కువ మూడు నెలలకు మించి ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే. అయినా ఇద్దరికీ ఒకటే జవాబు, ఇద్దరూ నిశ్చింతగా ఇంటికి.

ఇంకో టెస్ట్ ఉంది, దాని ఊసే ఎవరూ ఎత్తరు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చూసేది. సూది అక్కర్లేదు, కాస్త మూత్రం ఇస్తే చాలు. గ్రాము క్రియాటినిన్‌కి అల్బుమిన్ 30 మిల్లీగ్రాములు దాటిందంటే వడపోత దెబ్బతింటోందేమోనని అనుమానించాలి, మళ్లీ చేయించి ఖాయం చేసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఈజీఎఫ్ఆర్ బాగానే ఉండగానే ఇది పెరగడం మొదలవుతుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లకి ఏటా ఈజీఎఫ్ఆర్‌తో పాటు ఇదీ చేయాలని మార్గదర్శకాలు చెప్తూనే ఉన్నాయి. బీపీ ఉన్నవాళ్లూ అడిగి చేయించుకోవాల్సిందే. చెప్పేవాళ్లు చెప్తున్నారు, రాసేవాళ్లే రాయట్లేదు.

ముందే తెలిసి ఏం లాభం, ఎలాగూ డయాలసిస్సే కదా అనేవాళ్లున్నారు. ఈ మాట మీద ఇంకా కోపం. అల్బుమిన్ పోతున్నవాళ్లకి కొన్ని రకాల బీపీ మందులు జబ్బు ముదిరే వేగాన్ని తగ్గిస్తాయని ఎప్పటినుంచో తెలుసు. షుగర్ కోసం వచ్చిన గ్లిఫ్లోజిన్ మందులు కూడా అదే పని చేస్తాయని 2019లో, 2020లో పెద్ద ట్రయల్స్ తేల్చాయి, 2020 నాటి దాంట్లో అయితే షుగర్ లేనివాళ్లకీ మేలు కనిపించింది. ఇవి మొదలుపెట్టగానే క్రియాటినిన్ కొంచెం పెరగొచ్చు. అది చూసి హడలిపోయి, పక్కింటాయన సలహా మీద మందు మానేసేవాళ్లు ఎంతమందో! బీపీ మందుల విషయంలో 30 శాతం లోపు పెరుగుదలని డాక్టర్లు మామూలుగా సరిపెట్టుకుంటారు, రక్తంలో పొటాషియం కూడా చూసుకుంటూ కొనసాగిస్తారు. ఈ ముక్క మందు రాసేటప్పుడే చెప్పొచ్చుగా. చెప్పరు. మానేయమని చెప్పాల్సిన ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రల గురించీ చెప్పరు, మోకాలు నొప్పెట్టినప్పుడల్లా జనం మింగుతూనే ఉంటారు.

ఇలా ఏళ్లు గడిచిపోయాక ఒకరోజు ఆయాసంతో ఎమర్జెన్సీకి వస్తే మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ మొదలెడతారు. ఆ గొట్టంతో ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. చేతిలో ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనినీ సిరనీ కలిపి కుట్టేది, అయితే మేలే, కానీ ఆపరేషన్ చేశాక ఆ రక్తనాళం గట్టిపడి వాడకానికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంటే అవసరం పడకముందే వేయించుకోవాలి. ఇంట్లోనే కడుపు ద్వారా చేసుకునే డయాలసిస్ ఉందని, దాత దొరికితే అసలు డయాలసిస్ దాకా వెళ్లకుండానే కిడ్నీ మార్పిడి చేయించుకోవచ్చని, బాగా వయసు మళ్లి రకరకాల జబ్బులున్నవాళ్లు డయాలసిస్ వద్దనుకుని, బాధ తగ్గించే వైద్యం మాత్రమే ఎంచుకోవచ్చని కూడా కూర్చోబెట్టి చెప్పాలి. ఐసీయూ బయట నిలబెట్టి "సంతకం పెట్టండి" అన్నప్పుడు కాదు, ఈజీఎఫ్ఆర్ 20 దగ్గరికి వస్తున్నప్పుడే.

జబ్బు ఆ దాకా వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే ఫిస్టులా ఏ చేతికి వేస్తారో నెఫ్రాలజిస్ట్‌ని, అదే కిడ్నీ డాక్టర్‌ని, ఇప్పుడే అడగండి. ఆ రక్తనాళాలు పాడవకుండా ఆ చేతికి రక్తం తీయనివ్వకండి, సెలైన్ పెట్టనివ్వకండి. సిస్టర్ విసుక్కుంటే విసుక్కోనీండి.