"షేర్ చేస్తే పోయేదేముంది" అనేవాళ్ళకు

మళ్ళీ తగలడింది. "పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠా మన జిల్లాలో దిగింది, నాలుగు వందల మంది, కిడ్నీలు తీసి అమ్ముతున్నారు, వీడియో చూడండి. పోలీసులు పట్టించుకోరు. అబద్ధమైనా జాగ్రత్త మంచిదే, షేర్ చేస్తే పోయేదేముంది?" కాలనీ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు అయ్యాక ఇప్పుడు మా పిన్ని.

నాలుగు వందల మందా? పోయినసారీ అంతే. ఒక్కడూ రిటైర్ కాలేదన్నమాట.

కిడ్నీ అంటే తోటలో కోసుకొచ్చే బీరకాయ కాదు. రక్తం గ్రూపు కలవాలి, టిష్యూ మ్యాచ్ కావాలి, థియేటర్, సర్జన్, మత్తు డాక్టరు ఉండాలి. కిడ్నీ దందాలు లేవనను. అవి ఆసుపత్రుల్లో జరుగుతాయి, బలయ్యేది అప్పుల్లో మునిగిన పెద్దవాళ్ళు.

బైకు మీద వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుపోయే ఆ వీడియో కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. చివర్లో పిల్లాణ్ణి తిరిగి తెచ్చి దింపుతారు. ఆ ముక్క కత్తిరించి పంపుతున్నారు.

ఇక "పోయేదేముంది" సంగతి. 2018 జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో, సంత రోజున, భిక్షాటన చేసుకునే సంచార కులంవాళ్ళు ఐదుగురు పోయారు. పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళని అనుమానించి పంచాయతీ ఆఫీసు గదిలో కొట్టి చంపారు. అదే నెలలో బీదర్ జిల్లాలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన కుర్రాళ్ళు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. కిడ్నాపర్లన్నారు. కారెక్కి తప్పించుకుంటే, వాళ్ళకన్నా ముందే మెసేజ్ ముర్కి ఊరి గ్రూపుకు చేరిపోయింది. అక్కడ దారికాశారు. ఓ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణం పోయింది. మన గద్వాల జిల్లాలో పోలీసులు ఊళ్ళల్లో డప్పు కొట్టించి మరీ నమ్మొద్దని చెప్పుకోవాల్సి వచ్చింది. జాగ్రత్తట! ఎవరికి? చాక్లెట్ ఇచ్చినవాడికా? ఇవి రాసినవాడు ఎవడో మనకు తెలియదు, పంపినవాళ్ళు తెలుసు. పిన్ని మీద ఉన్న నమ్మకం అంతా ఊరూపేరూ లేనివాడి ఖాతాలో పడుతోంది.

పోలీసులు పట్టించుకోరన్న మాట ఒక్కటీ కొట్టిపారేయలేను. నోయిడా దగ్గర నిఠారీలో పిల్లలు మాయమవుతున్నారని తల్లిదండ్రులు మొత్తుకున్నా, 2006 డిసెంబరులో ఎముకలు బయటపడేదాకా కదలిక లేదు. స్టేషన్ మీద నమ్మకం లేనిచోట బావమరిది ఫార్వర్డే స్టేషన్ అవుతుంది. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. నిజంగా పిల్ల కనబడని రోజున స్టేషన్లో "రేపు రండి" అంటే చూపించాల్సింది దాన్నే. ఆ తీర్పు మాత్రం నాకు ఇంతవరకూ ఏ గ్రూపులోనూ రాలేదు.