ఆపరేషన్ నాటి జనం కీమో నాటికి ఏరీ?

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో ఎవరైనా పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌కి చెన్నై వస్తున్నారంటే ఇక్కడున్న చుట్టపక్కాలందరికీ కబురు అందుతుంది. గ్రీమ్స్ రోడ్డు పక్క సందులో లాడ్జి గది, రక్తమివ్వడానికి ఇద్దరు కుర్రాళ్లు, ఇంటి నుంచి క్యారియరు, థియేటరు బయట బెంచీల నిండా మనవాళ్లే. సర్జన్ బయటికొచ్చి "గడ్డ మొత్తం తీసేశాం" అనగానే గండం గట్టెక్కిందనుకుని ఎవరి దారిన వాళ్లు బయల్దేరతారు. కొన్ని వారాల తర్వాత అదే మనిషి చేతికి గొట్టం పెట్టించుకుని కీమో కుర్చీలో కూర్చుంటే పక్కన ఇంటావిడ తప్ప మరో మనిషి ఉండదు. చెన్నైలోని మన తెలుగు సంఘం చేసే వైద్యసాయం కూడా ఇదే తీరు. దాన్ని ఆపరేషన్ నుంచి కీమో వైపు మళ్లించాలన్నది నా వాదన.

పేగులో గడ్డ ఉన్న భాగాన్ని, దాన్ని అంటుకున్న కొవ్వుతో, అందులోని లింఫ్ గ్రంథులతో సహా తీసి పరీక్షకు పంపుతారు. కనీసం 12 గ్రంథులైనా వెతికి చూడాలన్నది లెక్క. గ్రంథుల్లో ఒక్కదానికైనా క్యాన్సర్ పాకిందని తేలితే అది మూడో దశ. అంటే స్కానింగుకు దొరకని కణాలు ఒంట్లో ఇంకెక్కడో ఉండొచ్చు. కీమో వాటి కోసం. మొదటి దశలో ఆపరేషన్‌తో సరిపోతుంది, రెండో దశలో కొందరికే మందు అవసరమవుతుంది. ఈ సంగతంతా తేల్చేది బయాప్సీ రిపోర్టు. అది చేతికొచ్చేసరికి జనం ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ఇక ఫోన్లో సలహాలు మొదలు: "అంతా తీసేశానన్నాడుగా, మళ్లీ మందెందుకు? డబ్బులు గుంజడానికే." ఇంట్లోవాళ్లు అంతకుముందే అప్పుల్లో ఉంటారు కాబట్టి ఆ మాట చప్పున చెవికెక్కుతుంది. ఆపరేషన్ అయిన ఎనిమిది వారాల లోపు మొదలవ్వాల్సిన కీమో అలా వాయిదాలు పడుతుంది. ఆ ఫోన్లు చేసేవాళ్లు మన సభ్యుల్లోనూ ఉన్నారని నొచ్చుకోకుండా ఒప్పుకుందాం.

ఎక్కువమందికి ఇచ్చేది ఆక్సాలిప్లాటిన్ డ్రిప్పు, కేపసిటబిన్ మాత్రలు. మూడు వారాలకోసారి డ్రిప్పు, పద్నాలుగు రోజులు మాత్రలు, ఒక వారం విరామం. జుట్టు మొత్తం రాలిపోతుందని భయపడతారు గానీ ఈ మందులతో అది అంతగా ఉండదు. బాధంతా చలువతో. డ్రిప్పు ఎక్కిన తర్వాత కొన్ని రోజులు చన్నీళ్లు తాకితే వేళ్లు కరెంటు కొట్టినట్టు జివ్వుమంటాయి, చల్లటిది మింగితే గొంతు పట్టేసినట్టవుతుంది. మే నెలలో, ఈ ఊళ్లో, ఇంటికొచ్చిన మనిషికి మనమిచ్చేదేమిటి? ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ. మర్యాదే, కానీ ఆ మనిషికి గోరువెచ్చటి నీళ్లివ్వాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు, అర్ధరాత్రయినా ఆసుపత్రికే. కీమోతో నెత్తుట్లో తెల్లకణాలు పడిపోయి ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. ఊరు కొత్త, భాష రాదు, ఆటో ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఒక తెలుగు కుటుంబం అవసరమయ్యేది ఆ రాత్రికే.

అందరూ ఆరు నెలలు వాడాలనీ లేదు. 12 వేలకు పైగా రోగుల వివరాలతో 2018లో వెలువడిన ఐడియా అధ్యయనం తర్వాత, మూడో దశలోనే ముప్పు తక్కువున్నవాళ్లకు ఈ రెండు మందుల కీమో మూడు నెలలు చాలనే పద్ధతి వచ్చింది. వేళ్ల తిమ్మిరి కూడా తగ్గుతుంది. "మూడు నెలలా, ఆరా?" అని డాక్టరును అడగడం రోగి హక్కు. మనవాళ్లు పెళ్లికి ముహూర్తం అడిగినంత గట్టిగా ఇది అడగరు.

కొందరికి నచ్చని మాట ఒకటి. ఆపరేషన్ మాత్రం అలాంటివి తరచూ చేసే చేతుల్లోనే జరగాలి, మలద్వారానికి దగ్గరలో గడ్డ ఉంటే మరీను. దానికి చెన్నై రావడం సబబే. కానీ కీమోకి ప్రతిసారీ రైలెక్కి రావాల్సిన పనిలేదు. ఎక్కడైనా అదే మందు, అదే మోతాదు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, టాటా ట్రస్టుల చేయూతతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022 నుంచీ ఉంది. చిత్తూరు మనిషికి అక్కడి కుర్చీ దగ్గర, ఇంటి అన్నం దగ్గర. తప్పనిసరై వచ్చేవాళ్లకు రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి పూర్తి రాయితీ, తోడొచ్చేవాళ్లకు 75 శాతం ఉంటుంది. ఆసుపత్రి ఇచ్చే ఫారం కావాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఆరోగ్యశ్రీని చెన్నై ఆసుపత్రులకు విస్తరించింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు వర్తిస్తుందో చేరకముందే కనుక్కోవాలి.

సంచీ గురించి కూడా చెప్పాలి. ఆపరేషన్‌లో పొట్ట మీద పేగు చివర బయటికి పెట్టి, మలం పట్టడానికి సంచీ తగిలిస్తే, అది చాలామందికి కొన్ని నెలల ముచ్చటే. అయినా ఆ మనిషిని పెళ్లికి పిలవడం మానేస్తాం, "రెస్టు తీసుకోనీ" అంటాం. చిన్నపేగు సంచీ ఉన్నవాళ్లకు చెన్నై ఎండలో ఒంట్లో నీరు, ఉప్పు ఇట్టే పోతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చి పెళ్లికి రమ్మనండి.

అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలవడం వెనుక డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చెల్లెలు మలాశయ క్యాన్సర్‌తో పోయిన దుఃఖం ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఇళ్లలో మలంలో నెత్తురు పడితే మొలలనుకుని ఆకుమందు తింటూ కూర్చునేవాళ్లున్నారు. పేగు జబ్బులన్నీ క్యాన్సర్ కావు. పేగు క్షయ మాత్రలతో నయమవుతుంది, పేగు వాచి పుండ్లుపడే క్రోన్స్ జబ్బుకు వేరే మందులున్నాయి. ఏదన్నది కొలనోస్కోపీ, అంటే గొట్టం కెమెరాతో పేగు లోపల చూసే పరీక్ష, చేస్తేనే గదా తెలిసేది.

సంఘం విషయానికొస్తే, ఉగాదికి వార్డుల్లో పళ్లు పంచి ఫొటో దిగే కార్యక్రమం ఈ ఏడాది ఆపేద్దాం. ఆ డబ్బుతో ఆసుపత్రులకు దగ్గర్లో వంటగది ఉన్న ఒక ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు, లాడ్జి అద్దె నెలల తరబడి ఎవరు భరించగలరు? తమిళం వచ్చిన సభ్యులు వంతులేసుకుని డ్రిప్పు ఎక్కే రోజు పక్కన కూర్చోవాలి. రాత్రి జ్వరానికి ఎత్తే ఫోన్ నంబరొకటి ఉండాలి. ఎత్తేవాళ్ల జాబితాలో మొదటి పేరు నాది రాసుకోండి. డబ్బు చాలదంటే శాలువాల పద్దులో కోత పెట్టమని సర్వసభ్య సమావేశంలో నేనే తీర్మానం పెడతాను.