చవక కాపలా

గోదాములో సరుకు పోయిందనగానే యాజమాన్యం వేలు మొదట తిరిగేది గేటు దగ్గరి మనిషి వైపే. తాళం ఎలా ఊడిందో, కెమెరా ఎన్నాళ్ల నుంచి పడకేసిందో తేలకముందే అతని సంచీ సోదా చేస్తారు, ఆ నెల జీతం ఆపేస్తారు. మరునాటికి ఏజెన్సీ ఇంకొకరిని పంపుతుంది. అదే చొక్కా, అదే వదులు బెల్టు, లోపల మనిషి వేరు. వ్యాపార సంస్థల్లో ఇది రివాజైపోయింది.

ఇంత నింద మోయాల్సిన మనిషిని ఎలా ఎంచుకున్నారని మాత్రం ఎవరూ అడగరు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లోనే వచ్చింది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది దాకా జైలు, లేదా 25,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గార్డు పూర్వాపరాలు విచారించాలి, శిక్షణ ఇవ్వాలి. 2006 నాటి కేంద్ర నమూనా నిబంధనల్లో ఆ శిక్షణ తరగతిలో 100 గంటలు, క్షేత్రంలో 60 గంటలు. మంటలార్పడం, ప్రథమ చికిత్స, గుర్తింపు కార్డుల తనిఖీ అన్నీ అందులో ఉన్నాయి.

గేటు దగ్గర కనిపించేది వేరు. పొద్దున బస్సు దిగినవాడికి సాయంత్రానికల్లా టోపీ పెట్టేస్తారు. విజిటర్ల పుస్తకం ఒకసారి తిరగేయండి. వచ్చిన పని అన్నచోట వరసగా ‘ఆఫీస్ వర్క్’, వెళ్లిన సమయం గడి ఖాళీ, ఫోన్ నంబర్లో తొమ్మిదే అంకెలు. పక్కనే వేలాడే మంటలార్పే సిలిండరు పిన్ను ఎటు లాగాలో అతనికి ఎవరూ చూపించలేదు. పన్నెండు గంటల డ్యూటీ ముగిశాక రిలీవర్ రాకపోతే రాత్రికీ అతనే. కునుకు పట్టిందా, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు!

చిన్న వ్యాపారులకు శిక్షణ పొందిన గార్డులు భారమేనన్న మాటలో కొంత నిజముంది. కానీ మేమంటున్నది పెద్ద సంస్థల గురించి. వచ్చిన కొటేషన్లలో అన్నిటికన్నా తక్కువది ఏరుకునేటప్పుడు, ఆ రేటులో కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ, పైన ఏజెన్సీ కమీషన్ ఎలా ఇముడుతాయో లెక్కకట్టలేని అమాయకులా వీళ్లు? పెన్సిలు కొన్నా బిల్లు అడిగేవాళ్లే. ఏజెన్సీ లైసెన్సు కాపీ మాత్రం అడగరు. అడిగితే రేటు పెరుగుతుందని తెలుసు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న యజమానే కట్టాలని కార్మిక చట్టం ఏనాటి నుంచో చెబుతున్నా, ‘అది ఏజెన్సీ చూసుకుంటుంది’ అన్నదే జవాబు. కాపలా తమది, కాపలావాడు ఏజెన్సీవాడు! సరుకు పోయిననాడు మాత్రం అతను హఠాత్తుగా ‘మా సెక్యూరిటీ’ అయిపోతాడు, అదీ నిలదీయడానికే.

ఇక లైసెన్సులిచ్చే ప్రభుత్వాలకు తనిఖీ గుర్తొచ్చేది చోరీ జరిగాకే. ఏజెన్సీల శిక్షణ ధ్రువపత్రాలు నిజమైనవో కాదో తెలియాలంటే గేటు దగ్గరి మనిషిని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. అడగరు.

యజమానులకు ఒక్క మాట. ఈసారి తాళం పగిలితే, ఆ మనిషి కాలర్ పట్టుకునే ముందు మీ సొరుగులోని కాపలా ఒప్పందం బయటకు తీయండి. దాని మీద సంతకం అతనిది కాదు, మీది.