చివరి ప్లాస్టిక్ కుర్చీ గారికి

మహారాజశ్రీ చివరి ప్లాస్టిక్ కుర్చీ గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాను. నిన్న బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో పగలంతా మా మేనకోడలిని కింద పడకుండా, దెబ్బ తగలకుండా, చెమటైనా పట్టకుండా కాపాడి మాకు భద్రంగా అప్పగించినందుకు ధన్యవాదాలు చెప్పుకుందామని ఈ ఉత్తరం. చెమట పట్టలేదన్నది పూర్తిగా నిజం కాదు. షామియానా నీడ అయిదో కుర్చీ దగ్గరే ఆగిపోయింది. రిజర్వు పిల్లల వరసలో తమరు ఏడోవారు.

"మూడో క్వార్టర్‌లో దింపుతానమ్మా, సిద్ధంగా ఉండు" అని కోచ్ గారు పొద్దున మా అందరి ముందే మాటిచ్చారు. ఆటకు నాలుగు క్వార్టర్లు. పిల్ల సిద్ధంగానే ఉంది. సగం ఆట అవగానే ట్రాక్‌సూట్ పైకోటు విప్పి, మడతపెట్టి తమరి వీపు మీద వేసింది. బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టింది. పిలవగానే లేవడానికి వీలుగా తమరి అంచుకు జరిగి, మడమలు లేపి కూర్చుంది. మూడో క్వార్టర్ అయిపోయింది. లేసులు ఇంకోసారి కట్టింది. నాలుగోదీ సగమైంది. పైకోటు తీసి మళ్లీ తొడుక్కుని జిప్పు మెడదాకా లాగింది, ఆ మండుటెండలో.

అసలు దింపనే లేదని నేననను. దింపారు. ఎప్పుడు దింపారన్నది తర్వాత మాట్లాడుకుందాం, అక్కడే నాకు ఒళ్లు మండేది.

ముందు తమరి వంశవైభవం తలచుకుంటాను. ఊళ్లో పెళ్లిళ్లకూ దినాలకూ అద్దెకెళ్లే తెల్లకుర్చీ అని తమరిని ఎవరైనా చులకన చేస్తే నేనొప్పుకోను. తమరి అన్నగార్లు అమెరికాలో మెత్తటి దిండ్లు వేసుకుని కోట్ల డాలర్ల ఆటగాళ్లను కూర్చోబెట్టుకుంటున్నారు. కాంగోలోని గోమాలో పుట్టిన జోనథన్ కుమింగా సంగతి తమరికి తెలియనిది కాదు. అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లోని గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టువాళ్లు 2021 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, ఏడో స్థానంలో ఏరికోరి తెచ్చుకున్నారు. అక్కడున్నన్నాళ్లూ ఒకటే తగవు: ఈ కుర్రవాణ్ని ఇంకాస్త ఆడించాలా, వద్దా? అమెరికాలో ఫ్రీమాంట్‌లో ఉంటున్న మా పెదనాన్న కొడుకుతో నేను ఫోనులో మాట్లాడింది సగం ఈ తగవే. వాడు కోచ్ పక్షం. నేను కుర్రవాడి పక్షం. మధ్యలో మా వదిన "మీ ఇద్దరిలో ఎవరికైనా ఆ జట్టు జీతమిస్తోందా" అని అడిగి ఫోను లాక్కునేది.

2024 జనవరిలో డెన్వర్‌తో మ్యాచ్. బాగా ఆడుతున్నవాణ్ని మూడో క్వార్టర్ మధ్యలో కూర్చోబెట్టి మళ్లీ లేపలేదు. నాలుగో క్వార్టర్‌లో 18 పాయింట్ల ఆధిక్యం కరిగిపోయింది, చివరి క్షణంలో డెన్వర్ ఆటగాడు యోకిచ్ ఎక్కడినుంచో విసిరిన బంతి బోర్డుకు తగిలి పడింది, ఓడిపోయారు. సరే, ఒక రాత్రి. 2025 ఏప్రిల్ చూడండి. లీగ్ ఆఖరి మ్యాచ్‌లో సున్నా నిమిషాలు. ప్లేఆఫ్ నాకౌట్లలో చోటు తేల్చే ప్లే-ఇన్ మ్యాచ్‌లో సున్నా. హ్యూస్టన్‌తో ప్లేఆఫ్ మొదటి మ్యాచ్‌లోనూ సున్నా. తర్వాత మే నెలలో మినెసోటాతో మొదటి మ్యాచ్‌లో జట్టుకు పెద్ద దిక్కైన స్టెఫెన్ కర్రీకి తొడ కండరం పట్టేసింది. ఇక గత్యంతరం లేదు కదా, లేపారు. రెండో మ్యాచ్‌లో 18 పాయింట్లు. మూడో మ్యాచ్‌లో 30.

ఆ ముప్ఫై పాయింట్లు ఏప్రిల్‌లో ఎక్కడున్నాయి? ఆ చేతుల్లోనే ఉన్నాయి. ఆ చేతులు తమరి అన్నగారి మీద ఆనుకుని ఉన్నాయి.

"అయినా సిరీస్ నాలుగు-ఒకటితో ఓడారుగా" అంటాడు మా అన్న. ఓడారు. దూరం నుంచి అంతగా వేయని జిమ్మీ బట్లర్, డ్రేమండ్ గ్రీన్ ఉన్నచోట దూరం నుంచి వేయలేని మూడోవాణ్ని కూడా దింపితే బుట్ట కింద సంతరద్దీ అవుతుందన్న కోచ్ వాదనలోనూ పస ఉంది. పైగా ఆ కోచ్ స్టీవ్ కెర్ కూడా తమరి పాఠశాల విద్యార్థే. 910 మ్యాచ్‌లు ఆడి, మొదటి ఐదుగురిలో ఉన్నది 30 సార్లే. 1997 ఫైనల్లో జోర్డన్ అందించిన బంతిని వేసి ఛాంపియన్‌షిప్ తెచ్చిందీ ఆయనే. కుర్చీలోంచి లేచినవాడికి ఏం చేతనవునో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? కోడరికం అనుభవించిన అత్తగారు మెత్తబడుతుందని ఎవరన్నారో గానీ.

న్యూయార్క్ జట్టులో రిజర్వుగా కూర్చున్న జెరెమీ లిన్ కథా ఇంతే. 2012 ఫిబ్రవరిలో వాళ్లకు గత్యంతరం లేకపోయింది, అతను లేచాడు, న్యూజెర్సీ మీద 25 పాయింట్లు వేశాడు. మరి మా పిల్లకు అవకాశం రావాలంటే మేమేం చేయాలి? ఎవరి కాలు బెణకాలని ఏ దేవుడికి మొక్కుకోవాలి? పదోనంబరు అమ్మాయి మా వీధి పిల్లే, వాళ్లమ్మ సంక్రాంతికి మాకు అరిసెలు పంపుతుంది. అలా మొక్కుకోవడానికి నాకు నోరు రాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇక్కడినుంచి మర్యాద నావల్ల కాదు, క్షమించు.

ఆఖరి నిమిషం. మన జట్టు పంతొమ్మిది పాయింట్లు వెనకబడి ఉంది. అవతలి కోచ్ అప్పుడే తన పిల్లలతో చేతులు కలుపుతున్నాడు. స్కోరు రాసే ఆయన పెన్నుకు మూత పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది మన కోచ్ గారికి, పొద్దున ఇచ్చిన మాట. "వెళ్లమ్మా" అన్నారు. పొద్దుటి నుంచి నీ మీద కూర్చుని పిక్కలు బిగుసుకుపోయిన పిల్ల, తొడల మీద నీ అచ్చులతో లోపలికి పరిగెత్తింది. ఎవరిని కాయాలో ఎవరూ చెప్పలేదు. మిగతా నలుగురు అప్పటికే ఓటమిని మింగేసి కాళ్లీడుస్తున్నారు. బంతి ఒక్కసారి చేతికొచ్చింది. ఇప్పుడు వేయకపోతే ఇంకెప్పుడన్న భయంతో, వేయాల్సిన చోటుకన్నా అడుగు వెనకనుంచి వేసింది. రింగు అంచుకు తగిలి బయటపడింది. విజిల్.

కోచ్ గారు నావైపు తిరిగి ఏమన్నారో నువ్వు విన్నావు. "చూశారుగా అండీ. తొందరపడుతుంది. ఇంకా టైం పడుతుంది."

చూశాను. నేను చూసింది వేరు. ఆ తొందర ఆ పిల్లది కాదు, నీది. పొద్దుటినుంచీ నువ్వు తయారుచేసి లోపలికి పంపింది అదే. ఆ ఒక్క షాటు చూసి తీర్పు రాసేశారు, ఆ తీర్పు చూపించి వచ్చే మ్యాచ్‌కీ నీ మీదే కూర్చోబెడతారు. అనుభవం లేదు కాబట్టి ఆడించం, ఆడలేదు కాబట్టి అనుభవం లేదు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు. ఈ సామెత పుట్టించినవాడు కచ్చితంగా ఏదో ఒక ఆటలో రిజర్వు ఆటగాడి మేనమామే అయి ఉంటాడు.

దీనికన్నా అసలు దింపకపోవడమే నయం! సున్నా నిమిషాలు ఆడిన పిల్ల గురించి "ఏమో, ఆడిస్తే ఏం చేసేదో" అని కనీసం ఒక అనుమానమైనా మిగులుతుంది. ఆఖరి నిమిషం ఆ అనుమానాన్ని కూడా చంపేస్తుంది. "అవకాశమిచ్చాం కదా" అని చెప్పుకోవడానికి కోచ్‌కు రసీదు మిగులుతుంది. గెలుపోటములు తేలిపోయాక ఇచ్చే నిమిషం ఆటలో భాగం కాదు, అది ఆట అయిపోయాక ఊడ్చే చెత్త. అందులో ఏరి ఆ పిల్ల తన ప్రతిభ చూపించాలట.

డార్కో మిలిచిచ్‌ను అడుగు. 2003 డ్రాఫ్టులో లెబ్రాన్ తర్వాత రెండోవాడు. ఆనక పెద్ద స్టార్లైన కార్మెలో ఆంథొనీ, క్రిస్ బాష్, డ్వైన్ వేడ్ అతని తర్వాతే. డెట్రాయిట్ జట్టు అప్పటికే గట్టిది, పద్దెనిమిదేళ్ల కుర్రవాడితో వాళ్లకు పనిపడలేదు. మొదటి ఏడు ఆడినప్పుడల్లా సగటున అయిదు నిమిషాలైనా లేవు, అవీ ఎక్కువగా గెలుపు ఖాయమయ్యాకే. అతను లేచాడంటే మ్యాచ్ గెలిచినట్టే అని జనం అతనికి గెలుపు చుట్ట (గెలిచాక సంబరంగా వెలిగించే చుట్ట) అని పేరు పెట్టారు. 2004లో ఆ జట్టు ఛాంపియన్ అయింది. చుట్ట ఏమైంది? ఆ తర్వాత జట్లు మారి, మారి, ఆట మానేసి సెర్బియాలో ఆపిల్ తోటలు వేసుకున్నాడు. అతను ఎలాగూ గొప్పవాడయ్యేవాడు కాదు అనేవాళ్లున్నారు. కావచ్చు. ఆ మాట తేల్చడానికి కావలసిన నిమిషాలు మాత్రం ఎవరూ ఖర్చుపెట్టలేదు.

సిమ్ భుల్లర్‌ను అడుగు. ఏడడుగుల అయిదంగుళాల మనిషి, టొరంటోలో పుట్టిన పంజాబీ బిడ్డ. 2015 ఏప్రిల్ 7న సాక్రమెంటో జట్టుకు దిగి ఎన్‌బీఏలో ఆడిన మొదటి భారత సంతతి ఆటగాడయ్యాడు. ఎంతసేపు? 16 సెకండ్లు. మనవాళ్లు ఇక్కడ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టేలోపు అయిపోయింది. మొత్తం మూడు మ్యాచ్‌లు, అంతే.

ఇదంతా కోచ్ దుర్మార్గమని నేననుకోను. ఆయనకూ ఒక కుర్చీ ఉంది. దాని కాళ్లు నీ కాళ్లకన్నా బలహీనం. కప్పు వస్తే బడి గేటుకు ఫ్లెక్సీ కట్టి అందులో ఆయన బొమ్మ వేస్తారు, రాకపోతే వచ్చే జూన్‌లో ఇంకొకాయన్ని పెడతారు. ఈ రోజు మా పిల్లను ఆడిస్తే వచ్చే నష్టం ఆయన ఖాతాలో, రెండేళ్ల తర్వాత వచ్చే లాభం ఇంకెవరి ఖాతాలోనో. ఆ లెక్క నాకూ అర్థమవుతుంది. నలభై నిమిషాల ఆట, అయిదుగురు, అంటే పంచిపెట్టడానికి రెండువందల నిమిషాలు. పన్నెండు మందికి సమానంగా పంచితే తలకు పదహారు నిమిషాల నలభై సెకండ్లు. అలా పంచమని నేనడగను, అది ఆట కాదు, రేషను. కానీ అదే ఏడుగురి చేత ఆడించి, నాలుగో క్వార్టర్‌లో వాళ్లు నోళ్లు తెరిచి రొప్పుతూ, ఒకమ్మాయి నాలుగు ఫౌళ్లతో, అయిదోది పడితే బయటికేనన్న భయంతో చేతులు వెనక్కి పెట్టుకుని కాపలా కాస్తుంటే, "అయ్యో, పిల్లలకు స్టామినా లేదండీ" అనే మాట వినడానికి నాకు చెవులు లేవు. స్టామినా ఉన్న అయిదుగురు కుర్చీల్లో ఉన్నారు!

మిగతావి ఎక్కువ సాగదీయను. ముఖ్య అతిథి గారు అనుచరులతో వచ్చినప్పుడు నిన్నూ నీ తమ్ముళ్లనూ రిజర్వు పిల్లల కిందినుంచి లాగేసి వేదిక మీద వేశారు. అరగంట పాటు వాళ్లకు కూర్చునే యోగం కూడా లేకపోయింది. మంచినీళ్ల క్యాను రెండో క్వార్టర్‌కే ఖాళీ. సాయంత్రం అందరికీ "పాల్గొన్నారు" అని సర్టిఫికెట్లు ఇచ్చారు. మా అక్క దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, "స్పోర్ట్స్ కోటాకు ఇది చాలదా, ఆడితే ఏమిటి, ఆడకపోతే ఏమిటి" అంది. నీ అసలు బలం అక్కడుంది. తల్లిదండ్రులకు కాగితం ముడుతోంది కాబట్టి ఎవరూ నోరెత్తరు.

నా మేనకోడలు మెరికని నేననడం లేదు. ఎడమచేతి డ్రిబ్లింగ్ నాసి. అవతలివాళ్లు బంతి వేస్తున్నట్టు నటిస్తే చాలు, ప్రతిసారీ గాల్లోకి ఎగురుతుంది. మొదటి ఐదుగురిలో వేయమని నేను కోచ్ గారిని ఎప్పుడూ అడగలేదు. అడిగేది ఒకటే: రెండో క్వార్టర్‌లో, స్కోరు ఇంకా అటూ ఇటూ ఊగుతున్నప్పుడు, అయిదారు నిమిషాలు. తప్పు చేస్తే ఆ తప్పుకు విలువ ఉన్నప్పుడు చేయనివ్వండి. ఒక తప్పు చేయగానే వెనక్కి లాగకండి, రెండోదీ చేయనివ్వండి. అప్పుడు కూడా పనికిరాదంటే నేనే ఆ పిల్ల పైకోటు మడతపెట్టి తెస్తాను.

ఒక విషయంలో మాత్రం తమరికి (చూశారా, మళ్లీ మర్యాద వచ్చింది) దణ్ణం పెట్టక తప్పదు. ఇంటికొచ్చే దారిలో ఆటోలో పిల్ల ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. "మామయ్యా, వాళ్ల ఏడో నంబరు బంతి పట్టుకున్నాక ఎప్పుడూ కుడివైపే వెళుతుంది. వెళ్లేముందు ఒకసారి కిందికి చూస్తుంది. పొడుగమ్మాయి రీబౌండ్ తీయగానే ఎటు పాస్ చేస్తుందో కూడా నాకు తెలుసు" అంది. మ్యాచ్ ఆడినవాళ్లెవరూ అది గమనించలేదు. జెర్మైన్ ఓనీల్ పోర్ట్‌లాండ్‌లో నాలుగేళ్లు తమరి వంశస్థుల దగ్గరే కూర్చుని, ఇండియానాకు వెళ్లాక వరసగా ఆరుసార్లు ఆల్‌స్టార్, అంటే లీగ్ మేటి ఆటగాళ్లలో ఒకడు, అయ్యాడు. తమరి దగ్గర చదువు బాగానే ఉంటుందని ఒప్పుకుంటున్నాను. పరీక్ష ఎప్పుడు పెడతారన్నదే తెలియదు.

"ఆ సంగతి కోచ్ గారికి చెప్పావా" అని అడిగాను.

"టైమ్ అవుట్‌లో చెప్పబోయాను మామయ్యా. 'నువ్వు కూర్చో' అన్నారు."

శనివారం మూడో స్థానం కోసం మ్యాచ్ ఉంది. కప్పు లేదు, ఫ్లెక్సీ లేదు, ముఖ్య అతిథి గారు రారు. ఆ రోజు కూడా ఆ పిల్లను తమరి మీదే చూస్తే, షామియానా కుర్రవాడికి అద్దె నేనే కట్టేసి, సగం ఆటకల్లా తమరిని ఒకదాంట్లో ఒకటి దోపి ఆటోలో ఎక్కించేస్తాను. అప్పుడు పన్నెండు మందినీ నిలబెట్టే ఆలోచించుకోమనండి.

ఇట్లు,
ఏడో కుర్చీలోని పిల్ల మేనమామ

తాజా కలం: తమరి కుడి వెనక కాలు పగిలింది. ఇనుప తీగతో కట్టారు గానీ ఆ తీగ కొస పిల్ల ట్రాక్‌సూట్‌ను చించింది. ఆ బిల్లు విడిగా పంపుతాను.