ప్రాక్సిమా ఎక్స్‌రేలకు భయపడి స్కానింగ్ మానుకోకండి

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది బాగా చదువుకున్న స్నేహితుడే. అందులో ఉన్నది ఇదీ: మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ చరిత్రలో తొలిసారి భగ్గుమంది, అంతరిక్ష టెలిస్కోపులు దాని ఎక్స్‌రేలను పట్టుకున్నాయి. అవి మన ఒంట్లో చేరుతున్నాయి కాబట్టి గర్భిణులు, రోగులు నెల రోజులు ఎక్స్‌రేలు, సీటీ స్కాన్లు తీయించుకోకూడదు. రాత్రిపూట ఫోన్లు ఆపేయాలి. నాసా ఇదంతా దాస్తోంది. తర్వాతి వంతు మన సూర్యుడిది. కింద మంటలు ఎగసే ఫోటో ఒకటి.

ఆ ఫోటో సూర్యుడిది. ప్రాక్సిమా ఏ ఎక్స్‌రే టెలిస్కోపుకైనా చుక్కలాగే కనిపిస్తుంది. "తొలిసారి" కూడా తప్పే. 2001 ఆగస్టులోనే ఎక్స్‌ఎంఎం-న్యూటన్ దాని మీద పెద్ద ఫ్లేర్‌ను, అంటే ఉన్నట్టుండి ఎగసే జ్వాలను, రికార్డు చేసింది. ఆ టెలిస్కోపు యూరప్ వాళ్ళది, నాసాది కాదు. దాని డేటా మామూలుగా ఏడాది తిరిగేసరికి అందరికీ అందుబాటులోకి వస్తుంది. ఇక దాచిందెక్కడ? ఫోన్ల సంగతి వదిలేద్దాం.

నాకు ఒళ్ళు మండించింది స్కాన్ల మాట. డాక్టరు రాసిచ్చిన స్కాన్‌ను ఈ మెసేజ్ చూసి ఎవరైనా నెల వాయిదా వేస్తే, ఆ నెలలో జబ్బు ముదిరితే, దానికి ఫార్వర్డ్ చేసినవాళ్ళు ఏం సమాధానం చెబుతారు? స్కాన్ అవసరమా కాదా అన్నది మీ డాక్టరుతో తేల్చుకోవలసిన విషయం. అందులో నక్షత్రాల ప్రమేయం ఏమీ లేదు.

లెక్క చూడండి. ప్రాక్సిమా మనకు 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే సూర్యుడికన్నా దాదాపు 2,68,000 రెట్లు దూరం. సూర్యుడి మీద వచ్చినంత బలమైన ఫ్లేరే అక్కడ వచ్చినా, మన దగ్గరికి చేరేసరికి 7,000 కోట్ల రెట్లకు పైగా బలహీనపడుతుంది. సూర్యుడి ఎక్స్‌రేలనే నేల దాకా రానివ్వని వాతావరణం మన నెత్తిన ఉంది. అందుకే కదా చంద్రా, ఎక్స్‌ఎంఎం అనే ఎక్స్‌రే టెలిస్కోపులను 1999లో అంత ఖర్చుపెట్టి పైకి పంపింది! పైన కూడా అవి ఒక్కో ఫోటాన్ (కాంతి రేణువు) వచ్చిన సమయాన్నీ, దాని శక్తినీ విడివిడిగా రాసుకుంటాయి. అంత పలచగా వస్తాయి మరి. 2014 ఏప్రిల్ 23న డీజీ కేనమ్ వెనాటికోరమ్ అనే జంట ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల్లో (సూర్యుడికన్నా చిన్నవి, చల్లనివి) ఒకటి, నమోదైన అతిపెద్ద సౌర జ్వాలకన్నా 10,000 రెట్లు శక్తిమంతమైన ఫ్లేర్‌తో స్విఫ్ట్ ఉపగ్రహాన్ని ఉలిక్కిపడేలా చేసింది. మీలో ఒక్కరికైనా ఏమైనా అయిందా?

ఇంత గోలలో అసలు అందం కొట్టుకుపోతోంది. 2001లో ప్రాక్సిమా ఫ్లేర్‌ను ఎక్స్‌ఎంఎం గీసిన గ్రాఫులు దగ్గరగా చూడాల్సినవి. అదే ఉపగ్రహంలోని చిన్న ఆప్టికల్ (మామూలు వెలుగును చూసే) టెలిస్కోపు గీత ముందు నిటారుగా లేచి చప్పున పడిపోతుంది. ఎక్స్‌రే గీత మాత్రం వెనకగా ఎక్కి, నింపాదిగా దిగుతుంది. అయస్కాంత రేఖలు తెగి కలిసినప్పుడు ఎలక్ట్రాన్లు కిందికి దూసుకెళ్ళి అక్కడి వాయువును కొడతాయి. ఆ దెబ్బకే ఆప్టికల్ మెరుపు. కోటి డిగ్రీలు దాటిన ఆ వాయువు పైకెగసి అయస్కాంత కమానుల్లో నిండుతుంది, చల్లారేదాకా ఎక్స్‌రేల్లో వెలుగుతుంది. ఎక్స్‌రే వర్ణపటంలోని ఆక్సిజన్, నియాన్ గీతలను బట్టి అక్కడి ప్లాస్మా (ఆ వేడి వాయువు) సాంద్రత పెరగడాన్ని కూడా కొలిచారు. ఈ ఫ్లేర్ల గురించి దిగులు పడాల్సింది ఎవరైనా ఉంటే అది ప్రాక్సిమా బి గ్రహమే. మనం సూర్యుడికి ఉన్న దూరంలో 20వ వంతు దూరంలోనే అది ఆ నక్షత్రం చుట్టూ తిరుగుతోంది.

సూర్యుడి వంతు అన్న చివరి ముక్కను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. 2024 డిసెంబరులో వచ్చిన ఒక అధ్యయనం కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు చూసిన 56,450 సూర్యుడిలాంటి నక్షత్రాలను లెక్కలోకి తీసుకుని, సగటున వందేళ్ళకొకసారి వాటిలో ఒక్కోదాని మీద సూపర్‌ఫ్లేర్ (మామూలు ఫ్లేర్లకన్నా ఎన్నో రెట్లు పెద్దది) వస్తుందని తేల్చింది. సూర్యుడు సరిగ్గా వాటి కోవకే చెందుతాడా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. కానీ అంతకన్నా చిన్న సౌర తుఫానుకే 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్ దాదాపు 9 గంటలు చీకట్లో ఉంది. పవర్ గ్రిడ్లను, ఉపగ్రహాలను కాపాడుకోవడం గురించి మెసేజ్ రాయండి, నేనూ పదిమందికి పంపుతాను. స్కాన్ల లైను మాత్రం ఇవాళే తీసేయండి, ఇప్పటికే ఎవరికి పంపారో వాళ్ళకు అది తప్పని చెప్పండి.