సవరణ: రాడార్ కూలెంట్‌లో జెల్ దేనివల్ల?

యుద్ధ విమానాల రాడార్ కూలెంట్ (రాడార్‌ను చల్లబరిచే ద్రవం) గురించి రాసిన పోస్టులో "నీళ్లు కలిస్తే పీఏఓ జెల్‌గా మారుతుంది" అని ఉంది. పీఏఓ అంటే పాలీఆల్ఫాఓలెఫిన్, కూలెంట్‌గా వాడే ఒక కృత్రిమ నూనె. జెల్ కట్టేది పీఏఓ కాదు, అంతకుముందు వాడిన సిలికేట్ ఎస్టర్ ద్రవం, అంటే కూలనాల్ అనే బ్రాండు రకం. తేమ తగిలితే అది విడిపోయి ఒకపక్క ఆల్కహాల్, మరోపక్క జిగటగా సిలికా జెల్ తయారవుతాయి. జెల్ ఫిల్టర్లకు అడ్డం పడుతుంది. అసలు టెన్షన్ ఆల్కహాల్‌తోనే: దానివల్ల ద్రవం తేలిగ్గా అంటుకుంటుంది. అమెరికా సైన్యం పీఏఓకి మారడానికి ఇదో పెద్ద కారణం.

పీఏఓలోనూ తేమ చేరకూడదు. జెల్ రాదు గానీ, విద్యుత్తును ఆపే శక్తి తగ్గి హైవోల్టేజి భాగాల దగ్గర స్పార్క్ రావచ్చు.

కూలెంట్‌లో వచ్చే నురగ సంగతి వేరు, అది లోపల చిక్కుకున్న గాలి పని. పంపు బుడగలు మింగితే ప్రవాహం పడిపోయి ఎలక్ట్రానిక్స్ వేడెక్కుతాయి. ద్రవం నింపాక గాలి తీసేయాలని ఆ పోస్టులో చెప్పిన మాటలో మార్పు లేదు.